సర్ హంఫ్రీ డేవీ - లోహాల వరుసలో ఒక జీవితం

మా కంకిపాడు చుట్టుపక్కల తోటలు పెట్టిన రైతులకు మైలుతుత్తం సంగతి నేను కొత్తగా చెప్పనక్కరలేదు. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, వంద లీటర్ల నీళ్ళు - ఈ లెక్కన బోర్డో మిశ్రమం కలిపి తెగుళ్ళకు పిచికారీ చేస్తారు. మట్టి తొట్టిలోనో ప్లాస్టిక్ డ్రమ్ములోనో కలుపుతారు గాని ఇనప బకెట్టులో మాత్రం కలపరు. కలిపాక మెరిసే చాకునో కొడవలినో అందులో కాసేపు ముంచి తీసి చూస్తారు. దానిమీద ఎర్రటి పూత కనబడితే సున్నం చాలలేదన్న మాట. మరికాస్త సున్నపు నీళ్ళు పోస్తారు. పూత రాకపోతే మందు సిద్ధం. ఆ ఎర్రపూత మరేమీ కాదు, రాగి. నీళ్ళలో నీలంగా కరిగి ఉన్న రాగి బయటికి వచ్చి కొడవలి మీద కూర్చున్నది. కొడవలిలోని ఇనుము కొంత దాని చోటికి దిగిపోయింది. మన పుస్తకాల్లో దీన్నే లోహ స్థానభ్రంశ చర్య అంటారు.

రసాయనశాస్త్రం పాఠం చెప్పుకుని బతికే నాకు ఏటా పరీక్ష కాగితాల్లో ఈ ప్రశ్నకు ఒకటే జవాబు కనబడుతుంది: రాగికంటే ఇనుముకు చర్యాశీలత ఎక్కువ కనుక అని. తప్పు కాదు, మార్కులు వేయకా తప్పదు. కాని ఎక్కువ అంటే ఏమిటి? ఇనుము పరమాణువు రెండు ఎలక్ట్రాన్లను వదులుకొని అయానై నీళ్ళలోకి పోతుంది. ఆ రెంటినీ నీళ్ళలోని రాగి అయాను అందుకొని లోహమై నిలుస్తుంది. సల్ఫేటు మాత్రం పెళ్ళికి వచ్చిన దూరపు చుట్టంలా ఒక పక్కన కూర్చొని చూస్తుంటుంది. ఇదే పని తిరగేసి చేద్దామని రాగి తీగను అన్నభేది నీళ్ళలో వేశామనుకోండి, ఇనుము బయటికి రాదు. ఎలక్ట్రాన్లను వదులుకోవడంలో ఎవరు ముందు, ఎవరు వెనుక అన్నదే ఇక్కడి తగవంతా. పొటాషియం, సోడియం, కాల్షియం, మెగ్నీషియం, అల్యూమినియం, జింకు, ఇనుము, సీసం, రాగి, వెండి, బంగారం అని హైస్కూల్లో మనం వల్లించిన వరుస ఆ తగవు తీర్పే. పైనున్నది కిందిదాన్ని దాని లవణంలోనుంచి తోసివేస్తుంది.

ఈ వరుసను ఏ ఒక్కరో కూర్చుని రాసింది కాదు. ఐతే అందులో మొదటి నాలుగు లోహాలనూ లోకంలో మొట్టమొదట వేరుచేసి చూసింది ఒకే ఒక్క మనిషి. అయిదోదానికోసం ప్రయత్నించి ఓడిపోయిందీ ఆయనే. ఆరోదాన్ని ఓడలకు కట్టి మెప్పు పొందబోయి, నలుగురిలో నవ్వులపాలైందీ ఆయనే. సర్ హంఫ్రీ డేవీ. గనుల్లో వాడే రక్షక దీపం పుణ్యమా అని ఆయన పేరు అందరికీ తెలుసు. జీవితం తెలిసినవారు తక్కువ. యూనియన్ వారు ఈ సంచికకు ఒక శాస్త్రజ్ఞుని కథ రాయమన్నప్పుడు నాకు వేరే పేరు తోచలేదు.

డేవీ 1778 డిసెంబరు 17న ఇంగ్లండు నైరుతి కొసన, కార్న్‌వాల్ సీమలోని పెన్‌జాన్స్ అనే చిన్న రేవు పట్టణంలో పుట్టాడు. ఒక పక్క సముద్రం, మరో పక్క రాగి, తగరం గనులు. తండ్రి కొయ్యమీద నగిషీ చెక్కే పనివాడు. చేతిలో పనితనం ఉంది గాని డబ్బు నిలిచేది కాదు. 1794లో ఆయన పోయేనాటికి ఇంటికి అప్పులు మిగిలాయి. ఐదుగురు పిల్లల్లో పెద్దవాడైన హంఫ్రీకి అప్పటికి పదహారేళ్ళు. తల్లి ఆడవాళ్ళ టోపీల దుకాణం పెట్టి సంసారం నిలబెట్టింది. మరుసటి ఏడు కుర్రవాణ్ణి బోర్లేస్ అనే ఊరి వైద్యుడి దగ్గర మందులు నూరే పనికి కుదిర్చారు. అంతే, ఆయనకు కళాశాల చదువంటూ లేదు. మందుల సీసాల మధ్యనే లెక్కలూ, తత్త్వశాస్త్రమూ, ఫ్రెంచి భాషా తనంతట తాను నేర్చుకొని, పంతొమ్మిదో ఏట లవోయిజే రసాయన గ్రంథం చదివాడు. చదివి ఊరుకోలేదు, అందులో తప్పులు పట్టడం మొదలెట్టాడు! ఆ తప్పులన్నీ నిజంగా తప్పులా అంటే కావు. ఆ వయసుకు ఆ మాత్రం పొగరు అవసరమేనేమో. మన హాస్టళ్ళలోనూ ఇలాంటి వాళ్ళను ఏటికొకరిని చూస్తూనే ఉంటాం.

ఆ ఊరికి వచ్చిపోయే డేవీస్ గిడ్డీ అనే విద్యావంతుడు ఈ కుర్రవాణ్ణి గమనించి బ్రిస్టల్‌లోని డాక్టర్ బెడోస్‌కు చెప్పాడు. వాయువులు పీల్పించి రోగాలు కుదర్చాలన్న ఆశతో బెడోస్ ఒక సంస్థ పెట్టుకున్నాడు. 1798 అక్టోబరులో డేవీ అక్కడ ప్రయోగశాల బాధ్యత తీసుకున్నాడు. ఏ వాయువు తయారైనా మొదట పీల్చేది తానే. ఒకసారి కార్బన్ మోనాక్సైడ్ ఉన్న వాయువు పీల్చి చావు అంచుదాకా వెళ్ళి వచ్చాడు. నైట్రస్ ఆక్సైడు పీలిస్తే నవ్వు వస్తుందనీ, నొప్పి తెలియదనీ కనిపెట్టి, శస్త్రచికిత్సలో పనికిరావచ్చునని 1800లో అచ్చైన పుస్తకంలో రాశాడు. ఆ ఒక్క వాక్యాన్ని వైద్యులు నలభై ఏళ్ళకు పైగా పట్టించుకోలేదు. అన్నేళ్ళూ కోతలన్నీ రోగి అరుస్తుండగానే సాగాయి. ఆ ఏళ్ళను తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

అదే 1800లో ఇటలీనుంచి వోల్టా విద్యుద్ఘటాల దొంతర వార్త వచ్చింది. జింకు బిళ్ళ, వెండి బిళ్ళ, మధ్యన ఉప్పునీటిలో తడిపిన అట్ట - ఇలా ఒకదానిమీద ఒకటి పేర్చితే విద్యుత్తు పుడుతోంది. రెండు లోహాలు తాకితే చాలునని వోల్టా అన్నాడు. డేవీకి అది నచ్చలేదు. అక్కడ ఒక లోహం తినివేయబడుతున్నది, ఆ రసాయన చర్య లేకుంటే విద్యుత్తు లేదన్నది ఆయన పట్టు. 1801లో లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌కు వెళ్ళి, మరుసటి ఏడే ఆచార్యుడయ్యాడు. ఆయన ఉపన్యాసమంటే ఆ వీథి గుర్రపు బండ్లతో కిక్కిరిసిపోయేది. తోళ్ళు ఊనే పద్ధతులమీద పనిచేశాడు. వ్యవసాయ రసాయనం గురించి పదేళ్ళపాటు ఏటా ఉపన్యసించి, 1813లో దాన్ని పుస్తకంగా తెచ్చాడు. నేలను రసాయనశాలకు తెచ్చిన తొలి గ్రంథాల్లో అదొకటి. మన డెల్టా వ్యవసాయ విద్యార్థులు ఒకసారి తిరగేయవలసినది. ఇక 1806 నాటి ఉపన్యాసంలో అసలు మాట చెప్పాడు: పదార్థాలను కలిపి ఉంచే ఆకర్షణకు మూలం విద్యుత్తే. ఎలక్ట్రాన్ పేరు లోకం వినడానికి ఇంకా తొంభై ఏళ్ళుంది. ఫ్రాన్సు, ఇంగ్లండు యుద్ధంలో ఉన్నా, నెపోలియన్ నెలకొల్పిన బహుమతిని ఫ్రెంచి విద్వత్సభ ఈ శత్రుదేశస్థుడికే ఇచ్చింది.

విద్యుత్తే కట్టి ఉంచుతున్నదైతే విద్యుత్తుతోనే విప్పవచ్చు గదా! 1807 అక్టోబరు 6న ఆయన కొద్దిగా చెమ్మగిల్లిన పొటాష్ ముక్కను ప్లాటినం పాత్రలో పెట్టి బలమైన ఘటమాలతో విద్యుత్తు పంపాడు. పొటాష్ అంటే బూడిదనుంచి తీసే క్షారం. అంతకుముందు నీళ్ళలో కరిగించి పంపితే నీరే విడిపోయింది. పూర్తిగా ఎండబెడితే విద్యుత్తు పారలేదు. ఆ కొద్ది చెమ్మలోనే ఉంది కిటుకంతా. పాదరసపు చుక్కల్లాంటి చిన్న చిన్న పూసలు పైకి వచ్చాయి, కొన్ని భగ్గున మండాయి. డేవీ ప్రయోగశాలలో గంతులు వేశాడట. ఆ లోహం నీటిమీద తేలుతూ, నీటిలోని హైడ్రోజన్‌నే తోసివేసి ఊదారంగు మంటతో పరుగెత్తింది. దానికి పొటాషియం అని పేరు పెట్టాడు. కొద్ది రోజుల్లో సోడియం దొరికింది. నవంబరులో ఆ సంగతులు సభలో చదివిన వెంటనే పెద్ద జబ్బు పడ్డాడు. కొన్ని వారాలు బతుకుతాడో లేదో తెలియలేదు. లేచి కూర్చున్నాక 1808లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు బెర్జీలియస్ చూపిన పాదరసం ఉపాయంతో కాల్షియం, మెగ్నీషియం, బేరియం, స్ట్రాన్షియం బయటికి తీశాడు. ఏడాదిలోపు ఆరు లోహాలు!

అల్యూమినియం మాత్రం లొంగలేదు. పటికలో ఏదో లోహం ఉందని నమ్మి పేరు పెట్టాడు, బిడ్డ పుట్టకముందే బారసాల చేసినట్టు. పదిహేడేళ్ళ తరువాత 1825లో డెన్మార్కులో ఎర్‌స్టెడ్, 1827లో జర్మనీలో వోలర్ దాన్ని సాధించారు. ఎలా? అల్యూమినియం క్లోరైడుమీదికి పొటాషియంను తోలి. విద్యుత్తు చేయలేని పని స్థానభ్రంశం చేసింది. డేవీ కనుగొన్న లోహమే డేవీకి చిక్కని లోహాన్ని తోసి బయటపెట్టింది. పాఠం చెప్పేటప్పుడు ఈ సంగతి దగ్గర నేను ఎప్పుడూ ఒక నిమిషం ఎక్కువ ఆగుతాను.

1812 ఏప్రిల్‌లో సర్ బిరుదు, మూడు రోజులకే ధనవంతురాలైన జేన్ ఏప్రీస్ అనే వితంతువుతో పెళ్ళి. సంసారం సుఖంగా సాగలేదు. ఆ సంవత్సరమే నైట్రోజన్ ట్రైక్లోరైడు పేలి కంటికి గాయమైంది. రాసిపెట్టేందుకు ఒక మనిషి కావలసి వచ్చి, పుస్తకాల బైండింగు పని నేర్చిన ఒక కమ్మరి కొడుకును పిలిపించాడు. ఆ కుర్రవాడు మైకేల్ ఫారడే. 1813 మార్చిలో ప్రయోగశాలలో ఉద్యోగం ఇచ్చాడు. ఆ అక్టోబరులో ఐరోపా యాత్రకు బయలుదేరినప్పుడు సొంత నౌకరు రానంటే ఆ పనులు కూడా ఫారడే మీదే పడ్డాయి. లేడీ డేవీ అతణ్ణి పనివాడిగానే చూసింది. ఐతే ఆ ప్రయాణంలోనే పారిస్‌లో అయొడిన్ మూలకమని తేల్చడం, ఫ్లారెన్సులో పెద్ద భూతద్దంతో వజ్రాన్ని కాల్చి అది బొగ్గేనని చూపడం ఫారడే కళ్ళారా చూశాడు. అతనికి అదే విశ్వవిద్యాలయం.

రక్షక దీపం కథ క్లుప్తంగా చెబుతాను. 1812లో ఫెల్లింగ్ గనిలో పేలుడుకు 92 మంది చనిపోయారు. 1815లో పెద్దలు డేవీని అడిగారు. కొద్ది నెలల్లోనే ఆయన మంటచుట్టూ సన్నని తీగెల జాలీ పెట్టాడు. జాలీ వేడిని లాగేసుకోవడంతో మంట బయటి వాయువుకు అంటుకోదు. పేటెంటు తీసుకోమని అందరూ చెప్పినా ఒక్క కాసు పుచ్చుకోలేదు. అదే కాలంలో జార్జి స్టీఫెన్‌సన్ అనే గని యంత్రాల పనివాడు స్వయంగా మరొక దీపం చేశాడు. చదువులేని పనివాడికి అది తోచిందంటే డేవీ నమ్మలేకపోయాడు. మందులు నూరుతూ పైకి వచ్చిన మనిషే ఇలా మాట్లాడితే ఏమనుకోవాలి? ఈ భాగం చదివినప్పుడల్లా నాకు ఆయనమీద కోపం వస్తుంది.

ఇక ఓడల సంగతి. 1820లో రాయల్ సొసైటీ అధ్యక్షుడైన డేవీని 1823 చివర నౌకాదళం వారు ఒక చిక్కు విప్పమన్నారు. ఆ రోజుల్లో కొయ్య ఓడల అడుగుకు రాగిరేకులు తొడిగేవారు. కొయ్యను తొలిచే పురుగు పట్టదు, నాచూ గుల్లలూ అంటవు. కాని ఆ రేకుల్ని సముద్రపు నీరు తినేస్తున్నది, ఖర్చు తడిసి మోపెడవుతున్నది. అంతకు అరవై ఏళ్ళ క్రితమే అలారం అనే యుద్ధనౌకకు రాగి తొడిగి పంపితే, తిరిగి వచ్చేసరికి రాగిని తాకిన ఇనప చీలలు పొడై పోయాయి. మధ్యలో కాగితం చుట్టు మిగిలిన చోట చీలలు చెక్కుచెదరలేదు. రాగి పక్కన ఉంటే ఇనుము ముందు పోతుంది. మన కొడవలి నేర్పేదీ ఇదే పాఠం. డేవీ దీన్ని తిరగేసి ఆలోచించాడు. పోయేదాన్ని మనమే కావాలని కట్టి, ఉండవలసినదాన్ని కాపాడుకుంటే?

ప్రయోగాలు అద్భుతంగా కుదిరాయి. బఠాణీ గింజంత జింకు ముక్క నలభై, యాభై చదరపు అంగుళాల రాగిని ఉప్పునీటిలో మెరుస్తూ ఉంచింది. జింకు తన ఎలక్ట్రాన్లను రాగికి అందిస్తూ తాను కరిగిపోతుంది. నీటిలోని ఆక్సిజన్ ఆకలి ఆ ఎలక్ట్రాన్లతో తీరిపోతుంది, రాగి జోలికి పోదు. పోత ఇనుమూ పనికి వచ్చింది. అది చవక, పైగా నిదానంగా తరుగుతుంది. రాగి వైశాల్యంలో 40వ వంతు మొదలు 150వ వంతు వరకు ఉంటే చాలునని లెక్క తేల్చాడు. 1824లో సొసైటీలో వ్యాసాలు చదివాడు. ఆ వేసవిలో కామెట్ అనే ఆవిరి ఓడలో ఉత్తర సముద్రానికి వెళ్ళి చూసి వచ్చాడు. నౌకాదళం వెంటనే ఓడలకు ఈ రక్షకాలు బిగించడం మొదలెట్టింది. దీనికీ డేవీ ప్రతిఫలం అడగలేదు.

మరుసటి ఏడు ఓడలు రేవులకు తిరిగి వచ్చాయి. రాగి కొత్తదానిలా ఉంది. దాని మీద నాచు, గుల్లలు మాత్రం దట్టంగా పేరుకున్నాయి! ఓడలు నడవలేక బరువెక్కాయి. కారణం ఇప్పుడు మనకు తేలిక. రాగి కొంచెం కొంచెంగా కరిగి అయాన్లు నీటిలోకి దిగుతుంటేనే ఆ విషానికి గుల్లలు దరిజేరవు. డేవీ రాగిని కరగనివ్వలేదు. కాపుదల నూటికి నూరుపాళ్ళూ కుదరడమే కొంప ముంచింది. 1825లో రేవుల్లో ఉండే ఓడలనుంచి రక్షకాలు తీసేయమని ఉత్తర్వు వచ్చింది. 1828 నాటికి మొత్తం పథకమే అటకెక్కింది. పత్రికలు ఎగతాళి చేశాయి. రసాయనశాస్త్రం ఓడిందని రాసినవారూ ఉన్నారు. నేను ఆ మాట ఒప్పుకోను. రసాయనశాస్త్రం చెప్పినట్టే జరిగింది. ఓడ అడుగున రాగి రెండు పనులు చేస్తున్నదనీ, అందులో ఒకటి కరగడంవల్లనే జరుగుతున్నదనీ ముందుగా అడగలేదు, అంతే. డేవీ తొందరపడ్డాడనడం న్యాయం. ఆయనకంటే నౌకాదళం ఎక్కువ తొందరపడిందనడం కూడా న్యాయమే. నాలుగు ఓడలను ఏడాది తిప్పి చూసి ఉంటే ఆ అవమానం తప్పేది.

ఈ గొడవలోనే ఫారడే విషయం. 1823లో ఫారడేను రాయల్ సొసైటీ సభ్యుడిగా ఎన్నుకోవాలని మిత్రులు ప్రతిపాదిస్తే అధ్యక్షుడైన డేవీ అడ్డుపడ్డాడు. 1824 జనవరిలో జరిగిన ఎన్నికలో ఒక్క వ్యతిరేక ఓటు పడింది. రహస్య ఓటు గనుక అది ఎవరిదో ఎన్నటికీ రుజువు కాలేదు. మా సహాధ్యాపకులొకరు దీన్ని అసూయ అని ఒక్క మాటలో కొట్టిపారేస్తారు. శిష్యుడు గురువును స్థానభ్రంశం చేశాడని ఛలోక్తి కూడా విసురుతారు. వినడానికి బాగానే ఉంటుంది గాని లోహాలకూ మనుషులకూ తేడా ఉంది. కొడవలి రాగిని బయటికి లాగింది గాని రాగి కొడవలిని మెచ్చుకోవాలా వద్దా అన్న ప్రశ్న లేదు. డేవీకి ఆ అవకాశం ఉండింది, వినియోగించుకోలేదు. ఫారడే మాత్రం చివరిదాకా డేవీ పేరు గౌరవంతోనే చెప్పుకున్నాడు. అదే ఫారడే 1833, 34 సంవత్సరాల్లో విద్యుద్విశ్లేషణ నియమాలు రాసి, గురువు మొదలుపెట్టిన లెక్కను పూర్తి చేశాడు.

నౌకాదళం పారేసిన ఆలోచన ఎక్కడికీ పోలేదు. 1837 నాటికి ఫ్రాన్సులో, ఇంగ్లండులో ఇనప రేకులకు జింకు పూత వేయడానికి పేటెంట్లు వచ్చాయి. బందరు గాలికి ఇనుము ఎంత త్వరగా తుప్పుపడుతుందో మనవాళ్ళకు తెలుసు. పాకలమీద వేసే జింకు పూత రేకు గీసుకుపోయినా ఆ గీతలో వెంటనే తుప్పు పట్టకపోవడానికి కారణం పక్కనున్న జింకు తాను కరుగుతూ ఇనుమును నిలబెట్టడమే. తగరం పూత డబ్బా గీసుకుపోతే ఇందుకు విరుద్ధం. వరుసలో తగరం ఇనుముకు కింద ఉంటుంది గనుక ఇనుమే ముందు పోతుంది. ఓడలు ఉక్కువి అయ్యాక వాటి అడుగున బిగించే జింకు దిమ్మలు, నేలలో పాతిన గొట్టాలకు కట్టే మెగ్నీషియం దిమ్మలు - అన్నీ ఆ బఠాణీ గింజ సంతానమే. ఉక్కు కరిగి గుల్లల్ని చంపేది ఎలాగూ లేదు, దానికి వేరే రంగులు పూస్తారు. కాబట్టి డేవీకి ఎదురైన చిక్కు ఇక్కడ రాదు. విశాఖపట్నంలో 1977లో మొదలై తరువాత మూతబడిన జింకు కర్మాగారంలో ద్రావణంలోని రాగినీ కాడ్మియంనూ వదిలించడానికి జింకు పొడి చల్లేవారు. అదీ కొడవలి పనే. రైలు పట్టాలు అతికేచోట అల్యూమినియం పొడి ఇనుప ఆక్సైడునుంచి ఇనుమును తోసి ఎర్రగా కరిగించి పోయడమూ ఈ కుటుంబంలోదే.

1826 సెప్టెంబరులో డేవీ తల్లి పోయింది. డిసెంబరులో ఆయనకు పక్షవాతం వచ్చింది. 1827లో అధ్యక్ష పదవి వదిలేశాడు. ఆ కుర్చీలో కూర్చున్నది, ఒకనాడు పెన్‌జాన్స్‌లో ఆయనను గుర్తించిన డేవీస్ గిడ్డీయే. అప్పటికి ఇంటిపేరు గిల్బర్ట్ అని మార్చుకున్నాడు. డేవీ చేపల వేటమీద ఒక పుస్తకం రాసుకుంటూ ఐరోపాలో తిరిగాడు. 1829 మే 29న జెనీవాలో ప్రాణం విడిచాడు. యాభై ఏళ్ళు. అక్కడే సమాధి చేశారు.

గని యజమానులు రక్షక దీపానికి కృతజ్ఞతగా ఆయనకు వెండి పాత్రలు బహూకరించి ఉన్నారు. తమ్ముడు జాన్ పోయిన తరువాత వీలునామా ప్రకారం ఆ వెండి అమ్మి, ఆ డబ్బుతో రాయల్ సొసైటీ డేవీ పతకం నెలకొల్పింది. కంచు పతకం అది. మొదటిసారి 1877లో బున్సెన్, కిర్కాఫ్ అనే ఇద్దరికి ఇచ్చారు. వర్ణపటాన్ని పరిశీలించే పద్ధతితో సీజియం, రుబీడియం లోహాలు కనుగొన్నది వారే. ఆ రెండూ పొటాషియం ఇంటివే.